రెండేళ్ళ ఖాళీ

తిరుపతి,
జూన్ 4.

చిన్నమ్మకు నమస్కారాలు.

నువ్వు తిట్టినట్టే ఫోన్ పక్కన పెట్టి ఉత్తరం రాస్తున్నాను. వంకమిట్ట పోస్టాఫీసుకు నెలకు పట్టుమని పది ఉత్తరాలు రావడం లేదనీ, పోస్టుమాస్టరమ్మ సొంత అక్క కూతురే ఫోన్లో ముగించేస్తే ఇక ఆ గది తలుపు తెరవడం దేనికనీ అన్నావు కదా. ఇదిగో, ఈ నెల ఒకటి పెరిగింది. సంతోషమేనా?

నిన్న చెన్నైకి పోయి ఐర్లండు వీసాకు దరఖాస్తు ఇచ్చి వచ్చాను. సీటు ఇచ్చినట్టు కాలేజీ కాగితం, బ్యాంకు లోను కాగితం, మార్కుల జాబితాలు, ఇంగ్లీషు పరీక్ష ఫలితం, అన్నీ కలిపితే నీ ఆఫీసు పాత లెడ్జరంత మందం అయింది. కౌంటరులో అమ్మాయి ఒక్కొక్కటే తిప్పి చూస్తుంటే నేను ఆమెతో పాటే పేజీలు లెక్కపెట్టుకున్నాను. చదువు పేరు మెడికల్ ఫిజిక్స్ అని చెప్పాను కదా. ఎవరైనా అడిగితే, కాన్సరు వచ్చినవాళ్ళకు రేడియేషన్ ఎంత ఇవ్వాలో, సరిగ్గా ఎక్కడ పడాలో లెక్క కట్టే చదువు అని చెప్పు. అడగకపోతే చెప్పకు.

ఫైలు సర్దిపెట్టింది గిరి. మన పోలేరమ్మవ్వ మనవడే, ఇక్కడ బస్టాండు దగ్గర విదేశీ చదువుల ఆఫీసు పెట్టాడు. "జానూ, నీ డిగ్రీకీ ఈ చదువుకూ నడాన రెండేండ్లు ఖాళీ ఉండాది. ఆ రెండేండ్లు యేం జేసినావని వాళ్ళు కచ్చితంగా అడగతారు. యేం రాసేది?" అన్నాడు. ఇంట్లో కూర్చుని పోటీ పరీక్షలకు చదివానని రాయమన్నాను. మనం ఊరికి చెప్పిందీ అదే కదా. నీ జబ్బు సంగతి ఎక్కడా రాయలేదు, చెప్పలేదు. గిరికి తెలిస్తే సాయంత్రానికి అవ్వకు తెలుస్తుంది, అవ్వకు తెలిస్తే ఇక దండోరా వేయక్కర్లేదు. నువ్వు నిశ్చింతగా ఉండు.

మాత్రలు వేళకు వేసుకో. జుట్టు ఎంతవరకు వచ్చింది?

నీ జాహ్నవి


వంకమిట్ట, ఐరాల మండలం,
జూన్ 11.

చి॥ జాహ్నవికి చిన్నమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరాన్ని నేనే సంచిలోంచి తీసి, నేనే ముద్ర వేసి, నాకు నేనే ఇచ్చుకున్నాను. మన పోస్టుమాన్ చిన్నబ్బ పక్కన నిలబడి, "ముట్టినట్టు సంతకం బెట్టు మేడమ్, రేపు రాలేదంటావు" అని ఎగతాళి. వాడికి నోరు ఎక్కువ, సైకిలు తక్కువ.

జుట్టు చెవులు దాటింది. అద్దంలో చూసుకుంటే ఎనిమిదో తరగతి ఫోటోలో మీ అమ్మ ఉన్నట్టే ఉన్నాను. ఇద్దరం ఒక్క పోలికని మా నాయన అంటుంటే మా అక్కకు కోపం వచ్చేది. ఇప్పుడు చూసి ఉంటే ఒప్పుకునేది.

నిన్న పోలేరమ్మ వచ్చి, నా తల తాకి కళ్ళకద్దుకుంది. "యేడాదిలో మూడు తూర్లు సామికి తలనీలాలిచ్చిన తల్లివి" అంది. నాకు చెప్పుతో కొట్టినట్టయింది. రొమ్ములో గడ్డకు తిరుపతిలో మందులెక్కించుకుని, జుట్టంతా రాలిపోయి ఇంటికి వచ్చి, కొండకు మొక్కు తీర్చుకుని వచ్చానని చెప్పింది ఈ నోరే. మన పక్క ఆడదాని తల మీద గుండు కనిపిస్తే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. "దర్శనం బాగా అయిందా?" అంటారు, ప్రసాదానికి చెయ్యి చాపుతారు. ఆ ధైర్యంతోనే అన్నాను. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నాది ఎంత బాగా అతుక్కుందంటే, ఇప్పుడు పీకుదామన్నా ఊడిరావడం లేదు.

అదంతా ఎందుకు చేశానో నీకు తెలుసు. మీ అమ్మ ఆ రోగంతోనే పోయింది. నాకూ అదేనని తెలిస్తే "ఆ ఇంటి ఆడోళ్ళకు వొచ్చే రోగం" అని నీ నుదుటన కూడా రాసేస్తారు. రేపు నీకొక సంబంధం వస్తే ఏమవుతుంది? అందుకే ఆస్పత్రి మంచం మీద నీ చేత ఒట్టు వేయించుకున్నాను.

నేను సెలవు పెట్టినప్పుడల్లా బదులు మనిషిగా పొద్దున ఈ కుర్చీలో కూర్చుని ఆఫీసు నడిపి, మధ్యాహ్నం బస్సుకు తిరుపతికి నా దగ్గరికి పరుగెత్తింది నువ్వు. ఊరేమో నువ్వు డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్నావంటుంది. ఫస్టు క్లాసు బిడ్డా, ఆ ఒక్క మాట మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నీ చిన్నమ్మ
కోమలి


వంకమిట్ట,
జూలై 9.

బంగారూ,

తొందరలో రాస్తున్నాను, సంచి కట్టే వేళయింది. నీ పేరున స్పీడ్ పోస్టులో కవరు వచ్చింది! వేళ్ళతో తడిమితే లోపల పాస్‌పోర్టు గట్టిగా తగిలింది. నువ్వు ఊరి చిరునామా ఇచ్చినట్టున్నావు. ఇరవై రెండేళ్ళలో ఒకరి కవరు తెరిచిన పాపాన పోలేదు, ఇది కూడా తెరవలేదు. తిరుపతికి దారి మళ్ళించి పంపుతున్నాను.

కానీ పాస్‌పోర్టు తిరిగి వచ్చిందంటే వీసా వేసే పంపుంటారు కదా. ఉపాధి పనుల కూలి డబ్బుకు ఆఫీసు ముందు వరసలో నిలబడిన ఆడవాళ్ళందరికీ మైసూరుపాకు పంచాను. సంబంధాలు కుదిర్చే నిర్మలమ్మ రెండు తీసుకుంది. డిగ్రీ తప్పిన పిల్లకు విమానం ఎట్లా దొరికిందా అని దాని మొహం చూడాల్సింది. నీ వంతు విడిగా పార్సిలు కట్టాను.

నీ చిన్నమ్మ


తిరుపతి,
జూలై 17.

చిన్నమ్మకు,

మైసూరుపాకు అందింది. కవరూ అందింది.

వీసా రాలేదు. తిరస్కరించారు. ఏవో కాగితాలు చాలలేదట. అందరికీ జరిగేదే, నువ్వు మనసు పాడుచేసుకోకు. రెండు నెలల్లోపు అప్పీలు చేసుకోవచ్చు, కాలేజీ వాళ్ళు సెప్టెంబరు ఆఖరు దాకా సీటు ఆపుతామన్నారు.

గిరి ఒక దారి చెప్పాడు. చెన్నైలో అతనికి తెలిసిన కంపెనీ ఒకటి, నేను ఆ రెండేళ్ళూ వాళ్ళ దగ్గర పనిచేసినట్టు సర్టిఫికెట్ ఇస్తుందట, ముద్రతో సహా. "ఖాళీ మింద గుడ్డ కప్పినట్టు కప్పేస్తాము జానూ, యెవురూ యెత్తి సూడరు" అంటున్నాడు. ఇంకా సరేననలేదు. వేరే దారి కూడా కనిపించడం లేదు.

పంచిన మైసూరుపాకు గురించి ఎవరైనా అడిగితే ఆలస్యమవుతుందని చెప్పు.

జాహ్నవి


వంకమిట్ట,
జూలై 22.

జాహ్నవికి,

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు కవరు తెరవకుండానే స్వీట్లు పంచిన నా తెలివికి ముందు నన్ను నేనే తిట్టుకున్నాను. ఇక నీ వంతు.

దొంగ ముద్రా? పోస్టుమాస్టరు ఇంట్లో పెరిగిన పిల్ల దొంగ ముద్ర కాగితం పట్టుకుని దేశం దాటుతుందా? రోజూ పొద్దున తేదీ ముద్ర మార్చి, ఖాళీ కాగితం మీద ఒకసారి కొట్టి చూపించి, "ముద్ర అంటే ఆ రోజు నిజంగా జరిగిందని సాక్ష్యం" అని నీకు చెప్పింది నేను కాదా? అది బయటపడితే ఒక్క ఐర్లండు కాదు, ఏ దేశం తలుపూ తెరుచుకోదు. గిరితో చెప్పు, వాడు కప్పే గుడ్డ వాడి ఆఫీసు బల్ల మీదే పరచుకోమని.

"ఏవో కాగితాలు" అని రాశావు. నువ్వు ఏవో అంటే ఏదో ఒకటి దాస్తున్నావని నీకు ఆరేళ్ళప్పటి నుంచి నాకు తెలుసు. తిరస్కరించిన ఉత్తరం నకలు పంపు. ఇంగ్లీషు నాకు నిదానంగానైనా వస్తుంది.

కోమలి


తిరుపతి,
జూలై 28.

చిన్నమ్మకు,

నకలు పంపుతున్నాను. నీకు డిక్షనరీ పని లేకుండా నేనే చెప్పేస్తాను. రెండు కారణాలు రాశారు. ఒకటి, చదువులో రెండేళ్ళ ఖాళీకి నమ్మదగిన ఆధారం చూపలేదు. రెండు, మామూలు బీఎస్సీ చదివిన ఈ అమ్మాయి ఉన్నట్టుండి ఈ చదువే ఎందుకు కోరుకుందో చెప్పలేకపోయింది.

రెండిటికీ జవాబు ఒకటే. అది రెండేళ్ళు నీ తల మీద ఉంది.

ఎందుకు కోరుకున్నానో రాయడానికి నాలుగు రాత్రులు కూర్చున్నాను. "చిన్నప్పటి నుంచి విజ్ఞానశాస్త్రం అంటే ఆసక్తి" అని రాశాను. గిరి ఆఫీసులో అందరూ అదే రాస్తారు. నేను రాయాల్సింది అది కాదు. నిన్ను ఆ రేడియేషన్ మిషను కింద పడుకోబెట్టి అందరూ బయటికి వచ్చేసి తలుపు మూసేవాళ్ళు. నీ ఒంటి మీద, ఎక్కడ పడాలో గుర్తుకు, నీలం సిరాతో గీతలు. అవి చెరగకూడదని నువ్వు నెలన్నర ఒంటికి సబ్బు రుద్దుకోలేదు, ఎండాకాలంలో మెడ దాకా జాకెట్టు వేసుకున్నావు. అద్దం ఇవతల ఒకామె కంప్యూటరు ముందు కూర్చుని ఉండేది. "గుండెకు తగలకుండా ఒక వెంట్రుకవాసి పక్కకు జరపాలమ్మా, రెండు రోజులుగా అదే లెక్క వేస్తున్నాను" అంది నాతో. నీ గుండెను కాపాడింది ఆ లెక్క. ఆ రోజే అనుకున్నాను నేనూ ఆ కుర్చీలో కూర్చోవాలని. అది రాయకుండా నేనేం రాసినా అబద్ధం లాగానే ఉంటుంది, చదివినవాళ్ళకు తెలిసిపోతుంది. తెలిసిపోయింది.

ఆ ఖాళీకి ఆధారం లేకపోవడమేమిటి? నీ బదులు నేను పనిచేసిన ప్రతి రోజూ చిత్తూరు ఆఫీసులో నీ సెలవు కాగితాల్లో ఉంది. కానీ ఆ కాగితాల వెనకే నీ డాక్టరు సర్టిఫికెట్టు ఉంది. నేను పనిచేశానని ఊరివాళ్ళ సంతకాలు తేవచ్చు. కానీ కోమలమ్మ అన్నిసార్లు ఎక్కడికి పోయిందని వాళ్ళు అడుగుతారు.

నన్ను కాపాడాలని దాచావు చిన్నమ్మా, నాకు తెలుసు. కానీ నువ్వు దాచినదాని కింద నా రెండేళ్ళు కూడా పడిపోయాయి. నా బతుకులో నేను చేసిన మంచి పని అదొక్కటే, అదే "ఖాళీ" అయిపోయింది. ఊరు నన్ను తప్పిన పిల్ల అన్నా పడ్డాను. నువ్వు కొండకు పోతున్నావని జనం నీ చేతికిచ్చిన ముడుపులన్నీ, నువ్వు వాంతులతో పడుకుని ఉంటే నేను మెట్లెక్కి పోయి హుండీలో వేశాను, ఒక్కటి తప్పకుండా. ఎప్పుడైనా విసుక్కున్నానా?

నేను ఒట్టు వేశాను. దాన్ని తీయగలిగింది నువ్వే. తీయకపోయినా నిన్ను తప్పుపట్టనని రాద్దామని కలం పట్టుకున్నాను. రాయలేకపోతున్నాను. తప్పుపడతాను.

జాహ్నవి


వంకమిట్ట,
ఆగస్టు 6.

నా తల్లికి,

నీ ఉత్తరం వచ్చి ఆరు రోజులైంది. మూడు రోజులు దాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను, తాళంచెవి చేతిలో పెట్టుకుని తిరిగాను. ఏడ్చాను కూడా. మందులెక్కించుకున్నప్పుడు ఏడవలేదు, ఇప్పుడు ఏడ్చాను. నువ్వు తప్పుపట్టావని కాదు. నువ్వు చెప్పినదాంట్లో ఒక్క మాటైనా కాదనడానికి దొరకలేదని.

దొంగ ముద్ర అని నీ మీద ఎగిరాను కదా. అన్నిటికంటే పెద్ద దొంగ ముద్ర నా బోడిగుండే.

నిన్న కూలి డబ్బు ఇచ్చే రోజు. వరస గుమ్మం దాటి వేపచెట్టు దాకా ఉంది. డబ్బు ఇవ్వడం మొదలుపెట్టకముందే లేచి నిలబడ్డాను. "మీకందరికీ ఒక మాట సెప్పాల. నేను కొండకు పోలేదు. మొక్కూ లేదు, మన్నూ లేదు. మా అక్కకు వొచ్చిన రోగమే నాకూ వొచ్చింది. తిరపతి ఆస్పత్రిలో ఉన్నాను. జాహ్నవి డిగ్రీ తప్పలేదు. నన్ను సూసుకునేదానికి, ఈ ఆఫీసు సూసుకునేదానికి, రెండేండ్లు ఆడికీ ఈడికీ తిరిగింది" అన్నాను.

అప్పుడు పోలేరమ్మ వరసలోంచి ముందుకొచ్చి, బల్ల మీద చేతులానించి నా మొహంలోకి చూసింది.

"కొండ మింద గొరిగేది తలే గదమ్మా. కనుబొమ్మలు గూడా యాడ ఇచ్చొచ్చినావు?" అంది.

జాహ్నవీ, నా చెయ్యి కనుబొమ్మ మీదికి పోయింది. మందులకు కనుబొమ్మలు కూడా పోయాయి కదా, కాటుకతో గీసుకునేదాన్ని. "సెమట పడితే కారేది. నువ్వు కొంగుతో తుడుసుకుంటే ఒగటి పొడుగ్గా, ఒగటి పొట్టిగా అయ్యేది. మాకు మొదట్నాడే తెలుసునమ్మా" అంది. వరసలో సగం మంది తలలూపారు. నేను ఊరిని మోసం చేస్తున్నానని రెండేళ్ళు కుమిలిపోయాను. ఊరు నా ముందు నటించింది!

"తెలిసి అడగలేదేమ్మా? పైగా నా తల తాకి కండ్లకద్దుకుంటివి" అన్నాను.

"రోగం గెలిసిన తల అది. మొక్కు తీర్సిన తల కన్నా తక్కవా? ఇంక అడిగేదంటావా, నువ్వు సెప్పలేదు, నేను అడగలేదు. నా పెద్దకొడుకు జైల్లో నుంచి రాసిన ఉత్తరాలు నాకు సదివిపెట్టింది నువ్వే గదా. పన్నెండేండ్లాయ. ఈ ఊర్లో ఒగురికన్నా సెప్పినావా?" అని అందరి ముందూ అనేసింది. దుబాయిలో ఉన్నాడని ఇన్నేళ్ళూ చెప్పుకున్న కొడుకు గురించి. నా గుట్టు బయటపడిందని నేనొక్కదాన్నే నిలబడి ఉంటే, తన గుట్టు కూడా తెచ్చి నా పక్కన పెట్టింది ఆ తల్లి.

అన్నీ ఇట్లాగే అయ్యాయని చెప్పను. నిర్మలమ్మ, "మరి జాహ్నవికి గూడా వొస్తాదా ఆ రోగం?" అని అడిగింది. తన అన్న కొడుక్కు నిన్ను చూద్దామని మొన్న మైసూరుపాకు తింటూ అన్న మనిషి. నేను భయపడి రెండేళ్ళు పారిపోయింది ఆ ప్రశ్న నుంచే. తీరా ఎదురుపడితే అంత పెద్దదేం కాదు. "రావొచ్చు, రాకపోవొచ్చు. వొస్తే యెట్ల పట్టుకోవాలో నేర్సుకునేదానికే పోతా ఉండాది" అన్నాను. ఆమె కూలి డబ్బు తీసుకుని మారు మాట్లాడకుండా పోయింది. సంబంధం పోయినట్టే. పోనీ.

ఇందులో పెట్టినవి: నాలుగో రోజే చిత్తూరు ఆఫీసుకు పోయి తెచ్చిన నా సెలవు కాగితాల నకళ్ళు, బదులు మనిషిగా ప్రతి దాని మీదా నీ సంతకం ఉంది. డాక్టరు సర్టిఫికెట్లు. నేను తెలుగులో రాసిచ్చిన వాంగ్మూలం, చిత్తూరులో ఏకాంబరం ప్లీడరు ఇంగ్లీషు చేయించి నోటరీ ముద్ర వేయించాడు. నిజం ముద్ర. ఆ రెండేళ్ళూ డబ్బు ఇచ్చిందీ, ఉత్తరాలు చదివిందీ నువ్వేనని నలభై ఒక్క మంది సంతకాలు, వేలిముద్రలు. పోలేరమ్మ వేలికి సిరా రాస్తుంటే, "నా యేలు ఐర్లండుకు పోతాదా!" అని ఒకటే నవ్వు. గిరికి ఫోన్ చేసి నాలుగు తిట్లు కూడా తిట్టింది.

ఒట్టు తీసేశాను. ఉన్నది ఉన్నట్టు రాయి.

నీ చిన్నమ్మ


తిరుపతి,
సెప్టెంబరు 13.

వంకమిట్ట బ్రాంచి పోస్టుమాస్టరు శ్రీమతి కోమలమ్మ గారికి,

అయ్యా, కాదు, అమ్మా!

అప్పీలు ఫలితం నాకు నిన్ననే మెయిలులో తెలిసింది. మీకు మాత్రం చెప్పను. ఫోన్ చేసినా చెప్పను. నాలుగైదు రోజుల్లో నా పేరున పాస్‌పోర్టు కవరు ఒకటి మీ ఆఫీసుకు వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా పరుల కవరు తెరవని మీకు, జాహ్నవి అను నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, ఆ కవరును నా తరఫున తెరవడానికి ఇందుమూలంగా అనుమతి ఇస్తున్నాను. కింద సంతకం చేశాను.

చిన్నమ్మా, ఈసారి ఎందుకు కోరుకున్నానో రాయడానికి నాలుగు రాత్రులు పట్టలేదు. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. మొదటి వాక్యం ఇది: "నన్ను పెంచిన మనిషి ఒంటి మీది నీలం గీతలను నెలన్నర పాటు నేను కాపలా కాశాను." గిరి దాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత, "దీనికి నేను ఫీజు తీసుకోను జానూ" అన్నాడు. "మీ అవ్వకు భయపడా?" అంటే, "సగం సగం" అన్నాడు.

తప్పుపడతానని రాశాను కదా, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ దాని కింద ఇంకొకటి రాయాల్సింది, కోపంలో రాయలేదు. నువ్వు బతికి రాకపోతే నాకు అమ్మ రెండుసార్లు పోయి ఉండేది.

(సం.) జాహ్నవి


వంకమిట్ట,
సెప్టెంబరు 18.

జాహ్నవికి,

నీ అనుమతి పత్రం సోమవారం అందింది. చిన్నబ్బకు చదివి వినిపించి, ఫైలులో పెట్టాను. కవరు ఈ రోజు పదకొండుకు వచ్చింది. పోయినసారి లాగా తడిమి చూడలేదు. కత్తెరతో అంచు కోస్తుంటే పోలేరమ్మ, చిన్నబ్బ, ఇంకో ఏడెనిమిది మంది బల్ల చుట్టూ మూగారు. పేజీ తరువాత పేజీ తిప్పాను, అన్నీ ఖాళీ. చిన్నబ్బే లాక్కుని చూశాడు. "మేడమ్, ఎనకనుంచి తిప్పతా ఉండావు!" అన్నాడు. ముందు నుంచి తిప్పితే నీ ఫోటోతో వీసా అతికించి ఉంది. పోలేరమ్మ తన వేలిముద్ర అందులో ఎక్కడుందో చూపించమని పట్టుబట్టింది. వీసా కింద గళ్ళగళ్ళుగా ఉన్న చోట వేలు పెట్టి ఇదేనని చెప్పాను. అది ఒక్కటే, ఇక నేను అబద్ధమాడను.

మైసూరుపాకు పంచాను. నిర్మలమ్మ రాలేదు, చిన్నబ్బతో ఆమె వంతు పంపితే వెనక్కి మాత్రం పంపలేదు.

పాస్‌పోర్టు పోస్టులో వేయను, నేనే తెస్తాను. వచ్చే గురువారం మొదటి బస్సుకు పోలేరమ్మ, నేను వస్తున్నాం. ముందు కొండకు పోదాం, ముగ్గురం. నా జుట్టు మెడ దాకా వచ్చింది, నల్లగా, మునుపటికంటే ఒత్తుగా. అది ఇచ్చేస్తాను. నీకు వీసా వచ్చిందని కాదు. రాలేదని రాసి ఉన్నా ఇచ్చేదాన్నే. ఆయన పేరు చెప్పుకుని రెండేళ్ళు నా రోగాన్ని దాచుకున్నాను, ఆయన ఒక్క మాట అనలేదు. ఆ మూడు మొక్కులకూ కలిపి ఒక్క నిజం మొక్కు బాకీ ఉంది.

దిగి వచ్చాక ఎవరైనా "దర్శనం బాగా అయిందా?" అని అడిగితే, ఈసారి తల ఎత్తి జవాబు చెబుతాను. కనుబొమ్మలు ఉంటాయి కదా.

నీ చిన్నమ్మ
కోమలి